తెగిన వల
(శతవత్సరోత్సవ కూటములో చేసిన ప్రసంగము)



తప్పిదములో చిక్కిన సహోదరుని సాత్వికముతో సరిచేయుడని గలతీ పత్రిక 6వ అధ్యాయములో పౌలు హెచ్చరించుచున్నాడు. అచ్చట వాడిన గ్రీకు క్రియ, జెబెదయి కుమారులు దోనెలో వలలు బాగుచేసికొనుటను గూర్చి మార్కు వాడినదే. తెగిన వలను జాలరి పారవేయడు. ఒడిలో వేసికొని ఒక్కొక్క కన్ను వెదకి అల్లుకొనును.

మా సంఘములో త్రాగుడుకు లోబడిన యొక సహోదరుని ప్రభుబల్లకు దూరముగా ఉంచవలెనని తీర్మానించి, పుస్తకములో వ్రాసితిమి. అది న్యాయమే. కాని పిమ్మట అతని గడప ఎవరును త్రొక్కలేదు. కాపరులమైన మేమును పోలేదు. అతడు వెనుక వరుసలో కూర్చుండి, ఆఖరి కీర్తనకు ముందే లేచి పోవుచుండెడివాడు. కొన్నాళ్లకు వచ్చుటయే మానెను.

క్షమాపణ అనగా పాపమును పాపము కాదనుట కాదు. కొరింథు సంఘము శిక్షించిన వానిని గూర్చి, ఆ శిక్ష చాలును, అతడు క్రుంగిపోకుండ ఓదార్చుడని పౌలే వ్రాసెను. మనము శిక్షను మొదలుపెట్టితిమి, ముగించుట మరచితిమి.

ఈ శతాబ్ది సంవత్సరమున ఆ పుస్తకములోని పాత పేర్లు చూచి, ఆ యిండ్లకు పోదము రండి. తీర్పు తీర్చుటకు కాదు. మనమును బాగుచేయబడిన వలలమే గదా. ఆమేన్.