దినదినము చదువుకొందాము
(రేడియో ప్రసంగ పాఠము)

ధ్యాన భాగము: 2 తిమోతి 4:6-13

ఇంటి పనుల మధ్య, పొలం గట్ల మీద, ఆసుపత్రి మంచాల మీద ఉండి ఈ కార్యక్రమం వింటున్న మిమ్మల్నందరినీ దేవుడు దీవించును గాక.

అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉన్నాడు. తాను వెళ్లిపోయే కాలం దగ్గరపడిందని ఆయనకు తెలుసు. చలికాలం కూడా రాబోతోంది. ఆ సమయంలో తిమోతికి ఏమేమి తెమ్మని కబురు చేశాడు? త్రోయలో కర్పు ఇంట విడిచి వచ్చిన అంగీ తెమ్మన్నాడు. అది మనకు అర్థమవుతుంది, చలి కదా! దానితో పాటు పుస్తకాలు, అందులోను ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మన్నాడు. ప్రియులారా, ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. ఇన్ని సంఘాలు స్థాపించినవాడు, ఇన్ని పత్రికలు వ్రాసినవాడు, ఇంక కొద్ది కాలమే ఉందని తెలిసి కూడా పుస్తకాలు అడుగుతున్నాడు. నాకు అంతా తెలుసు, ఇక చాలు అనుకోలేదు.

మరి మన సంగతేమిటి? చాలామందికి చదువు బడితోనే ముగిసిపోయింది. పదవ తరగతి తప్పగానే కొందరు, పెండ్లి కాగానే కొందరు, ఉద్యోగం రాగానే కొందరు పుస్తకం మూసేశారు. బైబిలు ఆదివారం సంచిలో గుడికి వెళ్తుంది, మళ్లీ వచ్చి అల్మారాలో కూర్చుంటుంది. ఈ వయస్సులో నాకు చదువేమిటండీ అంటారు.

అలా అనేవారికి ఈ దినం ఒక వ్యక్తిని జ్ఞాపకం చేయాలని ఆశిస్తున్నాను. ఆయన పేరు విలియం కేరీ. 1761వ సంవత్సరంలో ఇంగ్లాండులోని ఒక పల్లెటూరిలో పుట్టాడు. తండ్రి నేతపనివాడు. కేరీ చిన్నతనంలోనే చెప్పులు కుట్టే పని నేర్చుకోవడానికి ఒక దుకాణంలో చేరాడు. కాలేజీ గడప తొక్కలేదు. ఆ దుకాణంలో ఒక వ్యాఖ్యాన గ్రంథం కనబడింది. అందులో అక్కడక్కడ గ్రీకు మాటలున్నాయి. ఆ అక్షరాలు ఆయనకు తెలియవు. చూసి వదిలేశాడా? లేదు. ఆ అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు కాగితం మీద దింపుకొని, తన ఊరిలో గ్రీకు తెలిసిన ఒక నేతపనివాని దగ్గరకు తీసుకెళ్లి అడిగాడు. చెప్పులు కుట్టే పిల్లవాడు అడిగాడు, మగ్గం నేసేవాడు చెప్పాడు. ఆ విధంగా మొదలైన చదువు ఆయనను హెబ్రీ, లాటిను మొదలైన భాషల వరకు నడిపించింది.

1793లో ఆయన బెంగాలుకు వచ్చాడు. 1801 నాటికి బెంగాలీలో క్రొత్త నిబంధన అచ్చయింది. ఇక విశ్రాంతి తీసుకోవచ్చు గదా? 1806 జూన్ నెలలో తన ఒక దినచర్యను ఇంగ్లాండులోని స్నేహితునికి ఉత్తరంలో వ్రాశాడు. ఉదయం ఆరు కాకముందే లేచి హెబ్రీ బైబిలులో ఒక అధ్యాయం చదివాడు. తరువాత కుటుంబ ప్రార్థన, మున్షీతో పారసీ చదువు, కాలేజీలో పాఠాలు, అచ్చు ప్రతులు దిద్దుకోవడం. సాయంకాలం ఆరు గంటలకు ఏమి చేశాడో తెలుసా? ఒక తెలుగు పండితుని దగ్గర కూర్చున్నాడు, తెలుగు నేర్చుకోవడానికి! అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు. రాత్రి పడుకోబోయే ముందు గ్రీకు నిబంధనలో ఒక అధ్యాయం చదివి ఆ దినాన్ని ముగించాడు.

1812 మార్చిలో శ్రీరాంపూరులోని అచ్చుకూటం అగ్నికి ఆహుతి అయింది. ఎన్నో ఏండ్లుగా కూర్చిన బహుభాషా నిఘంటువు వ్రాతప్రతి కాలిపోయింది. మళ్లీ పని మొదలుపెట్టారు. 1814లో కేరీ వ్రాసిన తెలుగు వ్యాకరణం వెలువడింది. 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరులోనే అచ్చయింది. ఆ సాయంకాలపు ఆరు గంటల చదువు ఊరకే పోలేదు, ప్రియులారా. తన గురించి ఎవరైనా వ్రాస్తే, పట్టు విడువక మెల్లగా సాగిపోయేవాడని మాత్రం వ్రాయమని ఆయన తన అన్నదమ్ముల బిడ్డతో చెప్పాడు.

ఇందులో నుండి మూడు సంగతులు గమనిద్దాం.

మొదటిది: కొంచెమైనా ప్రతిదినం. క్రొత్త నిబంధనలో 260 అధ్యాయాలున్నాయి. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్క అధ్యాయం చదివితే 52 వారాలకు సరిగ్గా ముగుస్తుంది. మిగిలిన రెండు రోజులు వేరే పుస్తకం చదవండి. రైతయితే పంట తెగుళ్ల గురించి, తల్లి అయితే పిల్లల ఆరోగ్యం గురించి, కానివారు చరిత్ర గురించి. డబ్బు లేదంటారా? మీ మండలంలో శాఖా గ్రంథాలయం ఉన్నదేమో విచారించండి. తెలియని మాట వస్తే నోటుపుస్తకంలో వ్రాసుకోండి. కేరీ చేసింది అదే.

రెండవది: సిగ్గుపడక అడగండి. స్వంతంగా నేర్చుకోవడమంటే ఒంటరిగా నేర్చుకోవడం కాదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ అధికారి రథంలో యెషయా గ్రంథం చదువుతున్నాడు. రాణి ధనాగారమంతటి మీద అధికారి. అయినా ఎవరైనా త్రోవ చూపకపోతే నాకెలా తెలుస్తుందని ఫిలిప్పుతో ఒప్పుకొన్నాడు, రథమెక్కి కూర్చోమని బతిమాలాడు. మీకంటే చిన్నవాడు చెప్పినా నేర్చుకోండి. మీ మనవరాలు అక్షరాలు చెబుతానంటే ఆ చిన్నదాని ముందు పలక పట్టుకొని కూర్చోండి.

మూడవది: చదివి పరీక్షించండి. బెరయవారు పౌలు చెప్పినదాన్ని కూడా ప్రతిదినం లేఖనాలలో వెదికి చూశారు. అందుకు వారు ఘనులని లేఖనమే మెచ్చుకొంది. ఈ దినాలలో ఫోనులో ఎన్ని మాటలు వస్తున్నాయి! ఈ ఆకు తింటే కేన్సరు పోతుందంటారు, ఫలానా తేదీకి లోకం అంతమంటారు, ఇంత కానుక పంపితే అప్పు తీరుతుందంటారు. చదవనివాడు దేనిని బట్టి సరిచూస్తాడు? గట్టిగా అరిచినవాని వెంట వెళ్లిపోతాడు. మందు మానేసి ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. నేను చెప్పే ఈ మాటలను కూడా మీ బైబిలు తెరచి పరీక్షించండి.

ఒక్క హెచ్చరిక. 1781లో కేరీకి డొరొతితో పెండ్లి జరిగినప్పుడు ఆమెకు సంతకం చేయడం రాదు, రిజిస్టరులో గుర్తు పెట్టింది. 1794లో ఐదేండ్ల కుమారుడు పీటరు చనిపోయాడు. ఆ తరువాత ఆమె మనస్సు చెదిరిపోయి, 1807లో మరణించేవరకు బాగుపడలేదు. ఆ దుఃఖానికి మనం ఎవరినీ తీర్పు తీర్చవద్దు. అయితే ఆ జత మన ఇండ్లను గుర్తుచేయడం లేదా? ఒకరు ఎన్నో చదువుతారు, ఒకరు వంటింటిలోనే ఉండిపోతారు. అన్నా, మీరు చదివినది రాత్రి భోజనాల దగ్గర పైకి చదవండి. అమ్మా, చదువు రాదని దూరంగా ఉండకండి, వినండి, ప్రశ్న అడగండి. ఇంటిలో ఒక్కరు చదివినా ఇంటిల్లిపాది నేర్చుకోవాలి.

ఈ రాత్రి పడుకునే ముందు ఒక్క పుట చదవండి. రేపు మరొకటి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మేము మూసివేసిన పుస్తకాలను మరల తెరిచే మనస్సు మాకు దయచేయండి. కండ్లు మసకబారినవారికి చదివి వినిపించే బిడ్డలను ఇవ్వండి. అక్షరం రానివారికి ఓపికగా నేర్పేవారిని పంపండి. మా ఆఖరి దినం వరకు మమ్మల్ని నేర్చుకొనేవారిగా ఉంచుమని యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.