ఒకే బాట, నాలుగు కాలాలు

సాహిత్య సదస్సులో అధ్యక్షస్థానం నుంచి చిత్రకారుడి ఊసేమిటని కొందరికి అనిపించవచ్చు. మన కథల్లో వాన తరచుగా పాత్రల దుఃఖానికి తోడుగానే కురుస్తుంది. మబ్బు పట్టిందంటే ఏదో కీడు రాబోతోందని పాఠకుడు ముందే పోల్చుకుంటాడు. వాతావరణాన్ని అలా మన మనసుకు వంతపాడించకుండా, దాన్ని దానిగా చూసిన చిత్రకారులు ఒకరున్నారు. ఆయన ఇంగ్లండుకు చెందిన డేవిడ్ హాక్నీ. ప్రకృతిని వర్ణించే ప్రతి రచయితా ఆయన పనితీరు నుంచి నేర్చుకోదగ్గది ఉంది.

హాక్నీ 1937లో యార్క్‌షైర్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో పుట్టారు. 1964లో లాస్ ఏంజెలిస్ వెళ్లి, అక్కడి ఈతకొలనుల చిత్రాలతో పేరు తెచ్చుకున్నారు. 1967 నాటి ‘ఎ బిగర్ స్ప్లాష్’ వాటిలో అందరికీ తెలిసినది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఆ ఊళ్లోనే, 1973లో ‘వెదర్ సిరీస్’ పేరిట ఎండ, వాన, మంచు, పొగమంచు, మెరుపు, గాలి శిలాముద్రణ చిత్రాలుగా వెలువడ్డాయి. వాటిలో జపాన్ ముద్రణ చిత్రాల ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది.

వీటిలో ‘వాన’ను కాస్త దగ్గరగా చూడాలి. నేల మీద నీటి మడుగులు, వాటిలో వలయాలు, పైనుంచి వాలుతున్న గీతలు. ఆ గీతల్లోని పల్చని సిరాను హాక్నీ కిందికి కారనిచ్చారు. వాన బొమ్మ కోసం సిరానే కురిపించారన్నమాట. ఇక గాలి కంటికి కనబడదు. దాన్ని పట్టుకోవడానికి ఆయన చేసిన చమత్కారం చూడండి: ఇదే వరుసలోని మిగతా చిత్రాల కాగితాలు మెల్‌రోజ్ అవెన్యూ అనే వీధి పేరున్న బోర్డు పక్కనుంచి కొట్టుకుపోతున్నట్టు గీశారు.

చమత్కారం అక్కడితో ఆగితే ఈ ప్రసంగం అవసరమే లేదు. అసలు కథ యార్క్‌షైర్‌లో మొదలైంది. 1997లో మిత్రుడు జోనథన్ సిల్వర్ మరణశయ్య మీద ఉన్నారు. తల్లి ఉండే బ్రిడ్లింగ్టన్ నుంచి మిత్రుణ్ని చూడడానికి హాక్నీ పదేపదే కారులో వెళ్లేవారు. దారి పొడుగునా వోల్డ్స్ అనే సున్నపురాతి మెట్టలు, పంట పొలాలు. మొదట వాటిని జ్ఞాపకం మీద ఆధారపడి గీశారు. తర్వాత కొన్నేళ్లకు బ్రిడ్లింగ్టన్‌లోనే మకాం పెట్టి, నీటిరంగులు, ఆపైన తైలవర్ణాలు పట్టుకుని ఆరుబయటికే వెళ్లారు. వోల్డ్‌గేట్ అనే మామూలు పల్లెబాట ఆయనకు ఏళ్ల తరబడి స్టూడియో అయింది.

ఆరుబయట గీసేవారికి వాతావరణం గడువు పెడుతుంది. 2007లో గీసిన ‘బిగర్ ట్రీస్ నియర్ వార్టర్’ ఇందుకు మంచి ఉదాహరణ. చిత్రం మొత్తం 50 కాన్వాసులు, వెడల్పు 12 మీటర్ల పైమాటే. ఆకులింకా రాని చెట్ల కొమ్మలే అందులో వస్తువు. చిగుళ్లు విచ్చుకుంటే ఆ కొమ్మల అల్లిక కనుమరుగవుతుంది కాబట్టి వసంతం ముదిరేలోపే పని పూర్తికావాలి. అంత పెద్ద చిత్రాన్ని ఒకేచోట నిలబెట్టి చూసుకునే వీల్లేక, గీసిన ఒక్కో కాన్వాసునూ ఫొటో తీయించి కంప్యూటర్‌లో జతచేసి చూసుకున్నారు. మరుసటి ఏడాది ఆ చిత్రాన్ని లండన్‌లోని టేట్ గ్యాలరీకి ఇచ్చేశారు.

పరుగెత్తే రుతువును అందుకోవడానికి ఆయన పనిముట్లనూ మార్చుకున్నారు. 2009లో ఐఫోన్, ఆ మరుసటి ఏడాది ఐప్యాడ్ చేతికొచ్చాయి. తెర తనకు తానే వెలుగుతుంది కనుక, దీపం వేయకుండానే పడక మీంచి కిటికీలోని సూర్యోదయాన్ని గీయవచ్చు. రంగు ఆరేదాకా ఆగక్కర్లేదు. వోల్డ్‌గేట్‌లో 2011 నాటి వసంతాగమనాన్ని చెప్పే కృతిలో 51 ఐప్యాడ్ చిత్రాలు, 32 కాన్వాసుల తైలవర్ణ చిత్రం ఒకటి ఉన్నాయి. కార్తెలు లెక్కపెట్టే మన రైతుకు రుతువును ఇలా దశలుగా చూడడం కొత్తేమీ కాదు. ఏడాదిని 27 కార్తెలుగా పంచి, రోళ్లు పగిలే రోహిణిని తొలకరి మృగశిర నుంచి విడదీసి చూసే కన్ను రైతుది. హాక్నీ కూడా వసంతాన్ని ఒక్క మాటలో తేల్చేయలేదు. మంచు కరిగిన రోజు వేరు, హాథార్న్ పొదలు తెల్లగా పూచిన రోజు వేరు.

2013లో అదే బాటను రంగుల్లేకుండా, బొగ్గుతో గీశారు. ఐదు చోట్లు ఎంచుకుని, ఒక్కో చోటును ఐదు దశల్లో. మొత్తం 25 చిత్రాలు. ఎండిన కొమ్మ, తడి నేల, దట్టమైన నీడ అన్నీ నలుపు తెలుపుల్లోనే పలుకుతాయి.

2019లో ఆయన ఫ్రాన్స్‌లోని నార్మండీకి మారారు. కోవిడ్ లాక్‌డౌన్ రోజుల్లో తోటలోని పూలను, చెట్లను ఐప్యాడ్ మీద గీసి మిత్రులకు పంపారు. ఆ చిత్రాలను కలిపి రూపొందించిన ‘ఎ ఇయర్ ఇన్ నార్మండీ’ పొడవు సుమారు 90 మీటర్లు. ఏడాది పొడవునా తోట మారిన తీరును ప్రేక్షకుడు నడుస్తూ చూస్తాడు. ఆ ప్రాంతంలోని బయో పట్టణానికి చెందిన పొడవాటి ఎంబ్రాయిడరీ వస్త్రం దానికి ప్రేరణ.

ఆయనను నెత్తిన పెట్టుకోవాలని చెప్పడం లేదు. ఐప్యాడ్ చిత్రాలను గోడంత పెద్దగా ముద్రించినప్పుడు గీత పలచబడుతుందని, పచ్చరంగు కళ్లలో గుచ్చుతుందని విమర్శకులన్నారు. అందులో నిజం ఉంది. చేతి బరువు తెలిసే బొగ్గు చిత్రాల ముందు తెర చిత్రాలు కొన్ని తేలిపోతాయి. అయినా ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా పట్టుకోవాలన్న పట్టుదల ఆయన్ను సమకాలీన ప్రకృతి చిత్రకారుల్లో ముందు వరుసలో నిలబెట్టింది.

తుమ్మపూడి నుంచి సంజీవదేవ్ తెలుగులో చిత్రకళ గురించి రాసి, తానూ ప్రకృతి దృశ్యాలు గీశారు. ఆ వరసను కొనసాగించాల్సిన బాధ్యత ఈ సభలో ఉన్నవారిది. చిత్రం గురించి రాసేటప్పుడు విశేషణాలు తగ్గించండి. ఎంత పెద్దది, దేనితో గీశారు, ఏ నెలలో, ఏ వెలుగులో అన్నది ముందు రాయండి. వచ్చే సదస్సుకు పత్రం తెచ్చేవారు మన చిత్రకారుల్లో ఒకరిని, వారి ఒక్క చిత్రాన్ని ఎంచుకుని, దాని ముందు నిలబడి చూసి రాసుకురావాలని సభ తరఫున విన్నపం.