గుద్దులు తట్టుకొనుడు గొప్పేనా?

(వరంగల్‌లో దళిత యువజనుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ఉపన్యాస పాఠం)

 

ఎప్పుడూ భూమి గురించి, కూలి గురించి మాట్లాడే సారు ఇయ్యాళ బాక్సింగ్ గురించి మాట్లాడుతున్నడేందని మీలో కొందరు నవ్వుకుంటున్నరు. నవ్వండి. కాని ఈ ముచ్చటల మన ముచ్చట గూడ ఉన్నది.

మన పోరగాళ్ళ మధ్య ఒక వాదన నడుస్తుంటది. హెవీవెయిట్ బాక్సర్లల్ల అందరికంటే ఎక్కువ గుద్దులు తట్టుకున్నోడు ఎవరు? కొందరు మహమ్మద్ అలీ అంటరు. కొందరు కెనడా దేశపు జార్జ్ చువాలో అంటరు. చువాలో 93 పోటీలు ఆడిండు, ఒక్కసారి గూడ కింద పడలేదు. అలీతో 1966లో 15 రౌండ్లు, 1972లో 12 రౌండ్లు ఆఖరిదాకా నిలబడ్డడు. రెండుసార్లూ ఓడిపోయిండు. పడకపోవుడు వేరు, గెలుచుడు వేరు. ముందు ఈ సంగతి యాదిపెట్టుకోండి.

అసలు తట్టుకొనుడంటే ఏంది? పుర్రె లోపల మెదడు ద్రవంలో తేలుతుంటది. దవడ మీద పక్క నుంచి గుద్దు పడితే తల గిర్రున తిరుగుతది. ఆ వేగాన్ని మెదడు అందుకోలేక మెలిపడుతది. లోపలి సన్నటి నరాల పోగులు సాగుతయి. మనిషి సోయి తప్పి పడతడు. మెడ బలంగా ఉన్నోడికి తల తక్కువ తిరుగుతది. గుద్దు వచ్చేది కండ్లతో చూసినోడు మెడ బిగబడతడు, లేదా తల వెనక్కి గుంజి దాని బలం తగ్గిస్తడు. చూడని గుద్దే ఎక్కువగా పడగొడతది. అంటే తట్టుకొనుడుల చూపు, కాళ్ళు, సాధన చాలా ఉన్నయి.

కాని వెనకట అమెరికాల తెల్లవాళ్ళు ఇంకో మాట ప్రచారం చేసిండ్రు. నల్లవాళ్ళ తలకాయ పుట్టుకతోనే గట్టిది, కొట్టినా వాళ్ళకు అంత నొప్పి తెల్వదు అని. ఈ మాట మనం వినలేదా? "వాళ్ళకు ఎండ తాకది, వాళ్ళ ఒళ్ళు గట్టిది, మోరీల దిగినా వాళ్ళకేం గాదు" అని మన వాడల గురించి ఎంతమంది అనలేదు? ఎదుటోడికి నొప్పి లేదని చెప్పినంక ఎంత పని చేయించుకున్నా, ఎంత కొట్టినా పాపం అంటదు. అందుకే పుట్టించిన అబద్ధం ఇది.

అలీ కథ చూడండి. 1964 ఫిబ్రవరి 25న, 22 ఏండ్ల వయసుల సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయిండు. అప్పుడు అలీకి గుద్దు తగిలించుడే కష్టం. కాళ్ళ మీద తేలిపోయేటోడు. 1967 ఏప్రిల్ 28న వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనని చెప్పిండు. టైటిల్ గుంజుకున్నరు. ఆడే లైసెన్సు తీసేసిండ్రు. మూడున్నర ఏండ్లు రింగులకు రానియ్యలేదు. 1971 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్ష కొట్టేసింది. టైటిల్ మళ్ళ గెలుచుకోవచ్చు. పోయిన కాళ్ళ వేగం ఏ కోర్టు తెచ్చిస్తది?

తిరిగొచ్చిన అలీ గుద్దులు తినుడు అప్పటి నుంచే ఎక్కువైంది. 1971 మార్చి 8న జో ఫ్రేజియర్ 15వ రౌండ్‌ల ఎడమచేతి గుద్దుతో పడగొట్టిండు. వెంటనే లేచి పోటీ ముగించిండు, కాని ఓడిండు. 1973లో కెన్ నార్టన్ చేతిలో దవడ విరిగింది. విరిగిన దవడతోనే పోటీ ముగించిండు. 1974 అక్టోబర్ 30న కిన్షాసాల, 25 ఏండ్ల జార్జ్ ఫోర్‌మన్ ముందట 32 ఏండ్ల అలీ తాళ్ళకు ఒరిగి, చేతులతో మొఖం కప్పుకొని నిలబడ్డడు. ఫోర్‌మన్ కొట్టీ కొట్టీ అలసిపోయిండు. 8వ రౌండ్‌ల అలీ పడగొట్టిండు. లోకమంతా ఆ ఉపాయాన్ని మెచ్చుకున్నది. 1975 అక్టోబర్ 1న మనీలాల అలీ, ఫ్రేజియర్ 14 రౌండ్లు ఒకరినొకరు కొట్టుకున్నరు. ఫ్రేజియర్ కండ్లు వాచి కనపడలేదు. ఆయన గురువు ఎడీ ఫచ్ 15వ రౌండ్‌కు పంపలేదు. ఓటమి ఒప్పుకొని మనిషిని కాపాడుకున్నడు. గురువంటే అట్లుండాలె.

1980 మొదట్ల అలీ మద్రాసుకు గూడ వచ్చి ఆడి చూపిండు. అదే ఏడు అక్టోబర్ 2న, 38 ఏండ్ల వయసుల లారీ హోమ్స్ ముందట 10 రౌండ్లు దెబ్బలు తిన్నడు. ఆఖరికి గురువు ఆంజెలో డండీ ఆపించిండు. 1984లో పార్కిన్సన్స్ జబ్బని తేలింది. 2016లో కన్నుమూసిండు. ఆ జబ్బుకు గుద్దులెంత కారణమని డాక్టర్లల్ల వాదన ఉన్నది. కాని తలకు పడ్డ దెబ్బలు బాక్సర్ల మెదడును చెడగొడతయని 1928లోనే మార్ట్‌లాండ్ అనే డాక్టర్ రాసిండు. 1970లో అలీ తిరిగొచ్చినప్పుడు మొదట ఎదుర్కొన్న జెర్రీ క్వారీ తెల్లవాడు. ఆయన మెదడు గూడ దెబ్బలకు చెడిపోయి, 1999లో 53 ఏండ్లకే చనిపోయిండు. మెదడుకు రంగు లేదు, కులం లేదు. పడ్డ దెబ్బనల్లా అది లెక్క రాసుకుంటది.

మన పిల్లలను బాక్సింగ్ నేర్వద్దని నేననను. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌ల, 2023లో ఢిల్లీల ప్రపంచ ఛాంపియన్ అయింది. మన ఆడపిల్లలు గూడ పోవాలె. కాని నేర్పే సారును ముందే అడగండి: కాళ్ళు కదుపుడు, తప్పించుకొనుడు ముందు నేర్పుతవా? తలకు దెబ్బ తగిలి కండ్లు తిరిగినా, వాంతి అయినా, మాట మరిచినా ఆ పూట మళ్ళ రింగు ఎక్కనియ్యొద్దు. డాక్టరుకు చూపించాలె. మొదటి దెబ్బ మానకముందే రెండోది పడితే ప్రాణం మీదికి వస్తది. తలకు పెట్టే టోపీ చర్మం చిట్లకుండా కాపాడుతది గాని మెదడు మెలిపడకుండా ఆపలేదు.

"మనోడు ఎన్ని దెబ్బలైనా తట్టుకుంటడు" అని ఎవరన్నా పొగిడితే, ఆ పొగిడేటోడు తాళ్ళకు ఏ పక్క కూసున్నడో చూడండి. అలీ తిన్న గుద్దులను లెక్కపెట్టి మురిసినోళ్ళు చాలామంది. 1967లో ఆయన "పోను" అన్న మాటను యాదిపెట్టుకునేటోళ్ళు తక్కువ. మన పిల్లలకు ముందు ఆ మాట చెప్పండి.

జై భీమ్!