ఉన్నది ఉన్నట్లు వ్రాయుట
(శతాబ్ది ఉత్సవముల సందర్భమున ఆసిఫాబాదులో చేసిన ప్రసంగము)



శతాబ్ది సభలలో గడచిన వారిని జ్ఞాపకము చేసికొనుట మన ఆచారము. ఈ సాయంకాలము పేరుపొందిన వారిని గూర్చి గాక, మన సంఘములో ఎప్పుడును వెనుక బల్లమీదనే కూర్చుండిన ఒక పెద్దాయనను గూర్చి చెప్పదలచినాము. కుటుంబము వారి కోరిక మేరకు పేరు చెప్పుటలేదు.

ఆయన సైన్యములో లారీ డ్రైవరు. 1971 డిసెంబరులో యుద్ధము జరిగినప్పుడు తూర్పు సరిహద్దున ఉన్నారు. రాత్రివేళ దీపములు వేయకుండ మందుగుండు సామాను చేరవేసినామని మాతో ఒకటి రెండు మారులు చెప్పినారు. అంతకు మించి చెప్పువారు కారు. 2015లో ప్రభువునందు నిద్రించినారు.

మూడేండ్ల తరువాత ఆయన భార్య ఒక రేకు డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చినది. మనుమనికి బడిలో తమ ఇంటి పెద్దలను గూర్చి వ్రాసి తెమ్మన్నారట. పిల్లవాడు తాత డిశ్చార్జి బుక్కు తీసి చదివినాడు. పతకముల గడిలో దీర్ఘకాల సేవా పతకము ఒక్కటే ఉన్నది. యుద్ధము మాటయే లేదు. యుద్ధములో ఉండినట్లయితే పతకము ఇచ్చియుండరా అని ఎవరో అన్నారు. ఆమె మమ్మును అడిగినది: “అయ్యగారూ, ఆయన నాతోని నలభై ఏండ్లు అబద్ధమాడిండా?”

మా తప్పు దాచము. “అమ్మా, పరలోకమందు కిరీటము ఉండగా ఈ లోకపు బిళ్ళ ఎందుకు?” అన్నాము. ఆమె, “బిళ్ళ నాకెందుకయ్యా. ఆయన మాట నిజమని తెలిస్తే చాలు” అన్నది. వేదాంత కళాశాలలో మేము నేర్చిన జవాబులలో దీనికి జవాబు లేదు. మరుసటి దినముననే ఆ డబ్బాలోని కాగితములు ముందు వేసికొని కూర్చున్నాము.

సైనికుని జీవితములో ఏది జరిగినను, బదిలీయైనను, సెలవైనను, పతకమైనను, అతని యూనిటు పార్టు టూ ఆర్డరు అను ఉత్తరువు వెలువరించవలెను. దానిని చూచి రికార్డు కార్యాలయము వారు అతని సేవా పుస్తకములో ఎక్కింతురు. ఆ ఉత్తరువు వెలువడనియెడల, పని చేసినను చేయనట్లే. 1971 యుద్ధపు పతకములు, అనగా పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, యుద్ధము ముగిసిన తరువాత ఏర్పరచినవి. అప్పటికి కొందరు వేరు యూనిట్లకు మారినారు, కొందరు ఇండ్లకు వచ్చినారు. కాగితము ఒకచోట, మనిషి ఒకచోట ఐనప్పుడు ఇటువంటి లోపములు కలుగుట వింత కాదు.

మీలో సైనికుల కుటుంబములు ఉన్నవి గనుక మార్గము చెప్పుచున్నాము. దళము దళమునకు వేరు రికార్డు కార్యాలయము గలదు. మద్రాసు ఇంజనీర్లకు బెంగుళూరులో, మద్రాసు రెజిమెంటుకు వెల్లింగ్టనులో, ఫిరంగి దళమునకు నాసిక్‌లో, ఈ.ఎం.ఇ. వారికి సికింద్రాబాదులో ఉన్నది. సైనికుని నంబరు, డిశ్చార్జి బుక్కు నకలు, పింఛను ఉత్తరువు నకలు, భార్య గుర్తింపు పత్రము జతచేసి, సైనిక సంక్షేమ కార్యాలయము ద్వారా పంపవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది ఆ నంబరు. ఒక్క అంకె తప్పినను కాగితము తిరిగి వచ్చును.

మా కాగితమును తిరిగి వచ్చినది. నంబరు వలన కాదు, పేరు వలన. సైన్యములో ఆయన పేరు ఇంటివారు పెట్టినది. భార్య కాగితములలో భర్త పేరు బాప్తిస్మపు పేరు. చిరునామా ఆదిలాబాదు జిల్లా. 2016లో మన జిల్లా కుమురం భీం పేరిట వేరైనది. ఇద్దరును ఒక్కరేనని రుజువు ఎక్కడిది? మన గుడి బీరువాలోని బాప్తిస్మపు రిజిస్టరు తీసినాము. క్రొత్త పేరు ప్రక్కన పాత పేరు, తండ్రి పేరు, ఊరు, అన్నియు సిరాతో స్పష్టముగా ఉన్నవి. ఆనాటి ఉపదేశిగారు ఓపికతో వ్రాసిన ఆ ఒక్క వరుసయే ఈ విధవరాలికి సాక్షియైనది.

ఈలోగా ఒక పెద్దమనిషి, “ఇంత శ్రమ ఎందుకు? అటువంటి పతకములు పట్నములో దుకాణమందు దొరుకును” అన్నాడు. దొరుకునన్న మాట నిజమే. ఆమె ఒప్పుకొనలేదు.

రెండు వర్షాకాలములు గడచిన తరువాత బదులు వచ్చినది. పాత ఉత్తరువు దొరికినది. ఆయనకు సంగ్రామ్ మెడల్ చెందును. 1972 ఆగస్టు 15 నాటికి సేవలో ఉన్నారు గనుక స్వాతంత్ర్యపు ఇరవైయైదవ వార్షికోత్సవ పతకమును చెందును. అయితే పూర్వీ స్టార్ చెందదు. ఆయన యూనిటు సరిహద్దు దాటినట్లు లేదు. మేము చిన్నబోయినాము. మరల అర్జీ పెట్టుదమా అని అడిగినాము. ఆమె నవ్వి, “ఆయన నది దాటినమని ఎన్నడు చెప్పలే అయ్యగారూ. ఒడ్డు దాక పోయినమన్నడు. అంతే” అన్నది.

ప్రియులారా, మాకు పాఠము అక్కడ దొరికినది. సరిచేయుట అనగా పెంచుట కాదు, ఉన్నది ఉన్నట్లు వ్రాయుట. ఆ పతకముల వలన ఆమె పింఛను ఒక్క రూపాయి పెరుగలేదు. ఒక మనిషి మాట మాత్రము నిలబడినది.

ఇది ఆసిఫాబాదులోనే జరిగిన సంగతి కాదు. అమెరికాలో హెన్రీ జాన్సన్ అను నల్లజాతి సైనికుడు 1918లో ఫ్రాన్సు దేశమందు ఒక రాత్రి శత్రువులతో పోరాడి తీవ్రముగా గాయపడినాడు. ఫ్రాన్సు అతనికి పతకము ఇచ్చినది. స్వదేశపు కాగితములలో మాత్రము అతని గాయముల మాట లేదు. 1929లో పేదవాడుగా చనిపోయినాడు. గాయపడినవారికిచ్చు పతకము 1996లో, ఆ దేశపు అత్యున్నత పతకము 2015లో అతని పేరిట ఇచ్చినారు. ఢిల్లీలో తీన్ మూర్తి వద్ద నిలిచిన మూడు విగ్రహములలో ఒకటి మన హైదరాబాదు సంస్థానపు అశ్విక దళమునకు గుర్తు. విగ్రహము దళమును జ్ఞాపకము చేయును. ఒక్కొక్క మనిషిని జ్ఞాపకము చేయునది కాగితమే.

మొర్దెకై సంగతి మీరెరుగుదురు. అతడు రాజు ప్రాణము కాపాడినాడు. అది గ్రంథములో వ్రాయబడినది గాని ఎవరును చదువలేదు. రాజునకు నిద్రపట్టని రాత్రి గ్రంథము తెరిపించినప్పుడు గదా అతనికి ఏ ఘనతయు కలుగలేదని బయటపడినది! చెర నుండి తిరిగి వచ్చిన యాజకులలో కొందరికి తమ వంశావళి పుస్తకములో పేరు కనబడక పనియే పోయినది. వ్రాయకపోయినను కష్టమే, వ్రాసినది తెరువకపోయినను కష్టమే.

కాబట్టి ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి సంఘము తన రిజిస్టర్లు ఒకసారి తెరువవలెనని మనవి. బైబిలు స్త్రీలు, జీతము లేక రాత్రిబడి నడిపినవారు, గుడికి రాళ్ళు మోసినవారు, వీరి పేర్లు అందులో ఉన్నవా? లేనియెడల, ఎరిగిన ముసలివారు బ్రదికియుండగనే అడిగి వ్రాయుదము. అయితే చేయని పని వ్రాయవద్దు. మన తాతలను పెద్దచేయుటకు ఒక్క మాటయు కలుపవద్దు. ఒడ్డు దాక పోయినవారిని ఒడ్డు దాక పోయినారనే వ్రాయుదము.

పతకములు వచ్చిన దినమున ఆమె వాటిని పెట్టెలో పెట్టినది. ఉత్తరము మాత్రము మనుమని చేత గట్టిగా చదివించుకొని, మరల ఒకసారి చదువుమన్నది.

ప్రభువు మన చేతులకును మన కలములకును సత్యము నేర్పును గాక.