సంఘం షాట్

మన దాచేపల్లి చేలల్లో పత్తికాయ పగిలే రోజుల్లో నాకు హుమ్నాపూర్ లక్ష్మమ్మ గుర్తొస్తుంది. జహీరాబాద్ ప్రాంతం ఆమెది. కూలి చేసిన చేతులతోనే వీడియో కెమెరా పట్టింది.

అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లోంచి ఆమెలాంటి దళిత స్త్రీలు కొందరు చిత్రీకరణ నేర్చుకున్నారు. చాలామందికి అక్షరాలు రావు. అందుకని షాట్లకు పేర్లు తామే పెట్టుకున్నారు. కింద నుంచి పైకి చూస్తే పటేల్ షాట్. పటేల్ ఎత్తున కూర్చుంటాడు, కూలిమనిషి కింద నిలబడి తలెత్తి చూడాలి. పైనుంచి కిందికి చూస్తే బానిస షాట్. కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్! ఏ ఫిల్మ్ స్కూల్లో ఇంత సూటిగా చెబుతారు?

2002లో మన దేశంలో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఈ మహిళలు కెమెరా భుజాన వేసుకుని ఆ పత్తి వేసిన వరంగల్ చేలకు వెళ్లారు. ఆ పంటకాలంలో రైతుల వెంట తిరిగి, వాళ్ల కష్టనష్టాలు వాళ్ల నోటే చెప్పించారు. అలా 2003లో వాళ్లు తీసిన డాక్యుమెంటరీ వచ్చింది. బీటీ దిగుబడుల మీద వాదులాట ఇప్పటికీ ఉంది, ఉండనీండి. ఆ రైతులు మాత్రం కెమెరాకు బెదరలేదు. అడిగేది చేనెరిగిన మనిషి కదా!