బొమ్మలు గీసే చదువు



నోటుపుస్తకం చివరి పుటల్లో బొమ్మలు గీసే పిల్లలను మందలించని ఇల్లు భివండిలో అరుదు. అయితే జకార్డు మగ్గంపై పువ్వు పూయాలంటే, ముందు ఎవరో ఒకరు గళ్ళ కాగితంపై దానిని గీయవలసిందే. ఆ గళ్ళను చూసే అట్టలకు రంధ్రాలు కొట్టేవారు. నేడు కాగితం స్థానంలో కంప్యూటరు తెర వచ్చింది, అంతే. గీత అన్నం పెడుతుందని పద్మశాలీల ఇంట వేరుగా చెప్పాలా?

చందమామలో బేతాళ కథలకు బొమ్మలు గీసిన శంకర్ (1924-2020) మద్రాసు కళాశాలలో చిత్రలేఖనం అభ్యసించారు. 1952లో చందమామలో చేరి దాదాపు ఆరు దశాబ్దాలు ఆ పత్రికకే గీశారు. బాపు గారు చదివింది న్యాయశాస్త్రమే గదా అనవచ్చు. బాపులు ఎందరు పుడతారు? తక్కినవారికి శిక్షణే ఆధారం.

ఆ శిక్షణ దూరాన లేదు. 1857లో ఆరంభమైన సర్ జె.జె. కళాశాల ముంబయిలో ఛత్రపతి శివాజీ స్టేషను చెంతనే ఉంది. పన్నెండవ తరగతి అనంతరం ప్రవేశ పరీక్ష, ఆపై నాలుగేళ్ళ బి.ఎఫ్.ఎ. అందులో అప్లైడ్ ఆర్ట్ తీసుకున్నవారికి పిల్లల పుస్తకాలు, ప్రకటనలు, యానిమేషన్, వస్త్రాల డిజైను వంటి వృత్తులు తెరుచుకుంటాయి. తొలి సంవత్సరాల్లో రాబడి నిలకడగా ఉండదు. ఈ విషయంలో తల్లిదండ్రుల భయం అబద్ధం కాదు. కంప్యూటరే బొమ్మ వేస్తున్న ఈ రోజుల్లో ఆ భయం మరికొంత పెరిగింది కూడా.

అందుకే ముందు చిన్న అడుగు చాలు. రాష్ట్ర కళా సంచాలనాలయం నిర్వహించే ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలకు పాఠశాల విద్యార్థులే కూర్చోవచ్చు. ఆడపిల్లలను కూడా కూర్చోబెట్టండి.