నలుగురు కాదన్నా చంపుతారా?



భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబర్ 1న ముషీరాబాద్ జైలులో ఉరితీసింది సర్కారు. ఆ ఉరిని మరిచిపోని మనం, మరణశిక్ష ఏ దేశంలో వేసినా, ఎట్లా వేశారని అడగాలె.

ఫ్లోరిడా సంగతి చూడండి. జ్యూరీ మాటను సలహాగా తీసుకుని జడ్జి తేల్చే పద్ధతి చెల్లదని 2016లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. జ్యూరీలోని పన్నెండుగురూ ఒప్పుకుంటేనే మరణశిక్ష అని 2017లో అక్కడ చట్టం తెచ్చారు. 2023లో దాన్ని మార్చి, ఎనిమిది మంది చాలన్నారు.

నేరం రుజువైందనడానికి పన్నెండుగురూ ఒక్కమాట మీద ఉండాలె. ప్రాణం తీయడానికి మాత్రం నలుగురు కాదన్నా ఫరవాలేదట! ఇదేం న్యాయం?

తప్పు జరిగితే చచ్చినవాణ్ణి ఏ కోర్టూ తిరిగి తేలేదు. ఒక్కరు కాదన్నా ఆ ప్రాణం నిలవాలె. ఏకగ్రీవ తీర్పు కావాలని అక్కడ అడుగుతున్నవాళ్ళతో మనమూ గొంతు కలుపుదాం.